ఎవరి గట్టు ముందు తెగింది?

ఆటపాక పక్షుల కేంద్రంలో పడవ దిగి కైకలూరులో ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. పడవలో ఉన్నంతసేపూ మామా మేనకోడళ్ళు పెదవి కదపలేదు. నీళ్ళలో పాతిన ఇనప స్టాండ్ల మీద గూళ్ళు, తల్లుల గొంతుసంచుల్లోకి తలలు దూర్చి చేపలు లాక్కుంటున్న గూడబాతు పిల్లలు. అది చూస్తున్నప్పుడు వాదం ఎవరికి గుర్తుంటుంది?

ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. మా మిత్రుడు నాలాగే లంక ఊళ్ళలో సోషల్ చెప్పి రిటైరైన మాస్టారు. కొల్లేట్లో తాతలనాటి జిరాయితీ మూడెకరాలు ఉంటే చేపల చెరువుకి లీజుకిచ్చి పిల్లల్ని చదివించుకున్నాడు. 2006లో ఆ చెరువు గట్టు తెగ్గొట్టారు. మేనకోడలు అర్థశాస్త్రం చదివింది. స్టాక్‌హోంలో రెండేళ్ళుండి వచ్చి హైదరాబాదులో పాఠాలు చెబుతోంది. ఆకుల్లో శీలావతి పులుసు పడ్డాక అమ్మాయే కదిపింది. మధ్యలో కూచుని విన్నవాణ్ణి కనక రాస్తున్నాను. తీర్పు చెప్పే స్తోమత నాకు లేదు, కాని నోరు మాత్రం అక్కడక్కడ ఊరుకోలేదు.

మేనకోడలు: ఇందాక పక్షుల్ని చూస్తుంటే నీ మొహం చంటిపిల్లాడిలా వెలిగిపోయింది మావయ్యా. అభయారణ్యం అనే మాట వింటే మాత్రం ఎందుకంత మండిపడతావు?

మావయ్య: పక్షి మీద నాకేం కోపమే? నా కోపం కాంటూరు మీద. సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు దాకా కొల్లేరే అని 1999లో గీత గీశారు. 308 చదరపు కిలోమీటర్లు. ఆ గీత మా ఊళ్ళ మధ్యనించి, మా పొలాల మధ్యనించి పోయింది. గెజిట్‌లో వేశారట. గెజిట్ ఎవరు చదివారు? సోషల్ మాస్టార్లం, మేమే చదవలేదు.

(నిజమే. ఆ ఏడు మేమిద్దరం ఎన్నికల డ్యూటీ ఉత్తర్వులు తప్ప మరే సర్కారు కాగితమూ చదివిన గుర్తు లేదు.)

మేనకోడలు: చూశావా, పర్యావరణం కావాలా అని అడిగితే వద్దనేవాడు ఒక్కడు దొరకడు. ఈ నిబంధన కావాలా అంటే కావాలనేవాడు దొరకడు. ఆ రెండింటి మధ్య మనసులో ఏం జరుగుతుందన్నదే నేను చెప్పే పాఠం.

మావయ్య: దానికి పాఠమెందుకు? ఎవడి కంచంలో ముద్ద పోతోందో చూసుకుంటే సరి.

మేనకోడలు: అంత తేలికైతే నాకు ఉద్యోగం ఉండదు. ముద్ద పోయినా కిక్కురుమనని వాళ్ళున్నారు. నువ్వే ఉన్నావు.

మావయ్య: నేనా?

మేనకోడలు: 2010లో బొగ్గు మీద టన్నుకి 50 రూపాయలు సెస్ వేశారు, శుభ్రమైన ఇంధనం కోసమని. 2016కల్లా అది 400 అయింది. మరుసటి ఏడు జీఎస్టీ వచ్చినప్పుడు పేరు మార్చుకుని అందులో కలిసిపోయింది. 2025లో తీసేసేదాకా మనదేశంలో కర్బనం మీద పన్నులాంటిది ఏదైనా ఉండేదంటే అదే. ఎనిమిది రెట్లు పెరిగింది! ఒక్క ధర్నా జరిగిందా? ఒక్క బస్సు అద్దం పగిలిందా? నీ కరెంటు బిల్లులో యూనిట్ రేటు లోపల కూచుంది గనక నువ్వు చూడలేదు.

మావయ్య: అంటే, కనపడకుండా తీసుకుంటే మంచి విధానమంటావు. జేబుదొంగ చేసేదీ అదేగా.

మేనకోడలు: మంచిదని నేనన్లేదు. నొప్పి ఎంతన్నదానికంటే ఎక్కడ కనబడుతుందన్నది ముఖ్యం అంటున్నాను. ఫ్రాన్సు సంగతి చూడు. 2018 చివర్లో డీజిల్ మీద లీటరుకి ఆరున్నర సెంటీమ్‌లు పెంచుతామన్నారు, కొత్త సంవత్సరం నుంచి. పెట్రోలు బంకులో బోర్డు మీద రోజూ కనబడే అంకె అది. నవంబరు 17న పసుపు చొక్కాలు వేసుకుని జనం కూడళ్ళలో కూచున్నారు. డిసెంబరులో ప్రభుత్వం ఆ పెంపు మానుకుంది.

మావయ్య: అవి బండి ఆగిపోతే వేసుకోమని ప్రతి కారులోనూ ఉంచుకోవలసిన చొక్కాలేగా? పేపర్లో చదివాను. అయితే నాకు గుర్తున్నది ఇంకొకటుంది. దానికి ముందే ఆ దేశంలో పెద్ద పెద్ద ఆస్తులున్నవాళ్ళ మీద పన్ను ఎత్తేశారు. అవునా?

మేనకోడలు: అవును. ఆ ఏడు మొదట్లోనే. ఇళ్ళూ భూములూ ఉన్నవాళ్ళకి మాత్రం ఉంచి తక్కినది తీసేశారు.

మావయ్య: మరి అదీ సంగతి. ఆరున్నర సెంటీమ్‌ల కోసం జనం రోడ్డెక్కలేదు. ఊరవతల ఉండి పనికి కారులో పోకతప్పనివాడు భూమిని రక్షించాలి, షేర్లున్నవాడు మాత్రం రక్షించక్కర్లేదు, అందుకు ఎక్కారు. నీ పాఠంలో అంకె ఉంది గాని అవమానం లేదు.

ఈ మాటకి అమ్మాయి వెంటనే జవాబు చెప్పలేదు. పులుసులో ముల్లు వెతుక్కుంది. కాసేపయ్యాక వేరే దారి పట్టింది.

మేనకోడలు: సరే, అన్యాయం లేకుండా చేసినచోటు చెబుతాను. కెనడా. 2019లో ఇంధనం మీద కర్బన రుసుము పెట్టారు. వసూలైన దాంట్లో ఎక్కువ భాగం ఇంటింటికీ తిరిగి ఇచ్చేశారు. ఎక్కువ పెట్రోలు తగలేసేది డబ్బున్నవాళ్ళే కాబట్టి, కట్టినదానికంటే వెనక్కి వచ్చిందే ఎక్కువ చాలా ఇళ్ళకి. ఇంతకంటే న్యాయం ఏముంటుంది?

మావయ్య: ఇంకేం, జనం హారతులు పట్టుంటారు.

మేనకోడలు: 2025 ఏప్రిల్ 1న ఎత్తేశారు.

మావయ్య: ఏప్రిల్ ఒకటా!

మేనకోడలు: నవ్వకు. బంకులో కట్టేది రోజూ తెలుస్తుంది. వెనక్కొచ్చేది మూడు నెలలకోసారి బ్యాంకు ఖాతాలో సద్దు లేకుండా పడుతుంది. అది దేనికి పడిందో చాలామందికి తెలియనే లేదు. పన్ను కొట్టిపారేస్తాం అన్న ఒక్క నినాదం ముందు లెక్కల పట్టికలన్నీ ఓడిపోయాయి. బొగ్గు సెస్ కనబడలేదు, కోపం రాలేదు. కెనడా సొమ్ము కనబడలేదు, ప్రేమా రాలేదు.

మావయ్య: మీ అత్త బియ్యం డబ్బాలో డబ్బు దాచేది. ఉందని తెలిసినవాడికే అది ధైర్యం. తెలియనివాడికి అవి వట్టి బియ్యమే.

(కెనడా కథ అంత తేలిగ్గా తెమిలిపోదని నా అనుమానం. ధరలు మండిపోయిన ఏళ్ళలో ఏ పన్నుకైనా అదే గతి పట్టేదేమో. కాని అప్పుడు అడ్డుపడలేదు. బియ్యం డబ్బా ఉపమానం బాగుంది.)

మేనకోడలు: ఇచ్చే విధానమైతే అందరికీ ముద్దు. నీ మేడ మీద సోలార్ పలకలు ఎలా వచ్చాయి?

మావయ్య: సూర్యఘర్ పథకంలో. మూడు కిలోవాట్లకి 78 వేలు సబ్సిడీ. ఎండాకాలంలో బిల్లు చూడు, నీకే తెలుస్తుంది. అలాంటి విధానం తెమ్మను, కాదంటానేమో.

మేనకోడలు: 78 వేలూ ఎవరిచ్చారు?

మావయ్య: సెంట్రల్ గవర్నమెంటు.

మేనకోడలు: దానికెవరిచ్చారు? బజార్లో పాలపొడి కొన్నవాడూ సబ్బు కొన్నవాడూ. నువ్వు చెరువు లీజుకిచ్చినప్పుడు గట్టు మీద తౌడు మోసినవాడికి అద్దె కొంపేగా? వాడికి కప్పే లేదు, పలక ఎక్కడ పెడతాడు? ఇచ్చేదాన్ని జనం మెచ్చుకుంటారు. ఎందుకంటే ఇచ్చినవాడి మొహం కనబడదు, పుచ్చుకున్నవాడి మేడ కనబడుతుంది. అది కూడా నీ న్యాయం కిందకే వస్తుందా?

మావయ్య: (నవ్వి) మొత్తానికి నా నెత్తినే పెట్టావు. ఒప్పుకున్నాను. కాని నాకో సందేహం. జనం మెప్పు మెప్పని కొలుస్తున్నావు గాని, నోటితో మెచ్చుకున్నదంతా మెప్పేనా? 2022 జులై ఒకటిన ప్లాస్టిక్ స్ట్రాలూ గ్లాసులూ చెంచాలూ బందన్నారు. ఊళ్ళో అడుగు, అందరూ మంచిదే అంటారు. పెళ్ళి భోజనాల్లో చూడు, అవే గ్లాసులు.

మేనకోడలు: నిషేధం మీద ఎవరికీ కోపం రాకపోవడానికి ఒక కారణం అది అమలు కాకపోవడమే. అమలైన రోజున తెలుస్తుంది నిజమైన లెక్క.

మావయ్య: మాది అమలైంది.

ఆ మాటతో గది చిన్నదైపోయింది. 2006 గురించి మా మిత్రుడు బయటివాళ్ళ ముందు మాట్లాడడు. ఆ ఏడు సుప్రీంకోర్టు ఉత్తర్వుల మీద 'ఆపరేషన్ కొల్లేరు' నడిచింది. పొక్లెయిన్లు వరుసగా దిగాయి. వేల ఎకరాల చేపల చెరువుల గట్లు తెగిపోయాయి.

మేనకోడలు: చెప్పు మావయ్యా. నేనప్పుడు చిన్నపిల్లని. అమ్మ ఏడవడం ఒక్కటే గుర్తు.

మావయ్య: ఏముంది చెప్పడానికి. డెబ్బైల్లో సొసైటీలు పెట్టించింది ప్రభుత్వం. చెరువులు తవ్వుకోండి, బాగుపడండి అన్నదీ ప్రభుత్వమే. తర్వాత డబ్బున్నవాళ్ళు దిగారు. సొసైటీ సభ్యుడు కాగితం మీద యజమాని, గట్టు మీద కూలీ. అది అందరికీ తెలుసు, ఎవరూ ఆపలేదు. లారీలు ఐసు వేసుకుని హౌరా పోతుంటే ఊరంతా బాగుందనుకున్నాం. నాదా, పట్టా ఉన్న భూమి. అలాంటిది 14 వేల ఎకరాల పైనే ఉంది గీత లోపల. ముందు పొక్లెయిన్ వచ్చింది. పరిహారం మాట దాని వెనకాల నడుచుకుంటూ వచ్చింది, ఇంకా దారిలోనే ఉంది. కొల్లేటి చాంతాడంటారే, అదే ఇది. లంకల్లో ఇళ్ళకి తాళాలు పడ్డాయి. మా బళ్ళో హాజరుపట్టీలో పేర్లు కొట్టేసింది నేనే.

మేనకోడలు: అదే 2006లో, జనవరి 3న, స్టాక్‌హోంలో ఊళ్ళోకొచ్చే, పోయే కార్ల మీద రుసుము మొదలైంది. రద్దీ వేళ 20 క్రోనార్లు, మిగతా వేళ పదీ పదిహేనూ. కెమెరా నంబరు ప్లేటు చదువుతుంది. మొదలవక ముందు ఎక్కువమంది వ్యతిరేకమే. పేపర్లు తిట్టాయి. మీ గట్లూ వాళ్ళ కెమెరాలూ ఒకే కాలం.

మావయ్య: వాళ్ళవీ పీకేశారా?

మేనకోడలు: జులై 31న వాళ్ళే ఆపేశారు.

మావయ్య: ఓడిపోయారన్నమాట.

మేనకోడలు: కాదు. ఏడు నెలలు పరీక్షకి పెడతాం, తర్వాత మీరు ఓటేయండి అని ముందే చెప్పారు. ఆ ఏడు నెలల్లో ఊళ్ళోకొచ్చే బళ్ళు దాదాపు ఐదో వంతు తగ్గాయి. జనం కళ్ళతో చూశారు, వంతెన మీద నిలబడిపోయే బస్సు కదులుతోంది. ఆపేశాక మళ్ళీ రద్దీ. సెప్టెంబరు 17న ఓటింగు. సగానికి కొంచెం పైన అవునన్నారు. 2007 ఆగస్టు నుంచి ఖాయం చేశారు. ఆ తర్వాత మెప్పు ఇంకా పెరిగింది. ముందు తిట్టినవాళ్ళే, తాము తిట్టామన్న సంగతి మర్చిపోయారు. నేనున్నప్పుడు మా ఇంటి యజమానురాలు మొదటినించీ తను అనుకూలమే అనేది. వాళ్ళ అబ్బాయి పక్కనుంచి కాదని తల అడ్డంగా ఊపేవాడు.

మావయ్య: ఒక్కటి అడుగుతాను. ముందు కెమెరా పెట్టారా, ముందు బస్సులు వేశారా?

మేనకోడలు: బస్సులే. 2005 ఆగస్టులో కొత్త బస్సులు మొదలయ్యాయి. కెమెరాకి నాలుగు నెలల ముందు.

మావయ్య: అదీ! ఇచ్చి పుచ్చుకున్నారు. పైగా వద్దంటే తీసేస్తామన్నారు, నిజంగానే ఆపి చూపించారు. కాదనే హక్కు చేతిలో ఉన్నవాడే అవునంటాడే అమ్మడూ. మాకు అది లేదు. నువ్వు చెప్పిన కనబడటం, కనబడకపోవడం అన్నీ దీని తర్వాతవే. పెళ్ళికూతుర్ని అడిగి చేసే పెళ్ళికీ, కట్టిపడేసి చేసే పెళ్ళికీ తేడా చీర ఖరీదులో వెతికితే దొరకదు.

మేనకోడలు: మాట బాగుంది. నిజంగా బాగుంది. కాని 2006లో లంక ఊళ్ళన్నిటా ఓటు పెట్టుంటే ఏమయ్యేది?

మావయ్య: గట్లు ఉండేవి.

మేనకోడలు: కొల్లేరో?

మావయ్య జవాబు చెప్పలేదు.

మేనకోడలు: నీ గట్టుకి పైన వరిచేలున్న రైతు సంగతి? బుడమేరూ తమ్మిలేరూ రామిలేరూ తెచ్చిన నీళ్ళకి గట్లు అడ్డుపడితే వెనక్కి తన్నేది ఆయన చేలోకి. గట్లు తీస్తున్నప్పుడు ఆయన సంతోషించాడు. నువ్వే చెప్పావోసారి.

మావయ్య: మా వియ్యంకుడే. నా గట్టు తెగిన రోజున ఫోను చేసి ఓదార్చాడు. గొంతులో సంతోషం దాచుకోలేకపోయాడు, పాపం.

మేనకోడలు: మరి స్టాక్‌హోం కథలో నేను చెప్పని ముక్క ఒకటుంది. ఓటు నగరంలో వేయించారు. చుట్టుపక్కల మునిసిపాలిటీలు కొన్ని తమంతట తాము ఓటు పెట్టుకున్నాయి. రోజూ కార్లలో వచ్చేది వాళ్ళే కదా. అక్కడ ఎక్కువమంది వద్దన్నారు. వాళ్ళ ఓటు లెక్కలోకి తీసుకోలేదు. వాళ్ళని ఊరుకోబెట్టడానికి వచ్చిన డబ్బు రోడ్లకి ఇస్తామన్నారు. జనం మద్దతు అంటున్నాం గదా, ఏ జనం? గీత ఎక్కడ గీస్తే అక్కడిదాకా జనం. అది కూడా కాంటూరే మావయ్యా.

ఇక్కడ నేను కలగజేసుకున్నాను. హైదరాబాదులో 2024లో జరిగింది అడిగాను. ఆగస్టు 24న మాదాపూర్ తమ్మిడికుంటలో ఒక సినిమా నటుడి కన్వెన్షన్ హాలుని, చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా కూల్చినప్పుడు నాకు వాట్సాప్‌లో వచ్చిన వీడియోలకి లెక్క లేదు. అందరికీ పండగ. నెల తిరిగేసరికి మూసీ గర్భంలో ఇళ్ళ గోడల మీద రెవెన్యూవాళ్ళు ఎర్ర రంగుతో గుర్తులు వేశారు. అది తమ పని కాదని హైడ్రా చెప్పుకున్నా ఎవరూ వినిపించుకోలేదు. అవే ఫోన్లలో ఆడవాళ్ళ ఏడుపులు. చెరువు కాపాడటం అదే, నది కాపాడటం అదే.

మావయ్య: మీకూ తెలిసొచ్చిందా మాస్టారూ. జనం చెరువుని చూడరు. ముందు ఎవరి గోడ పడిందో చూస్తారు. పెద్దవాడి గోడ ముందు పడి, పేదవాడికి ఇల్లు ముందు చూపించి ఉంటే మూసీలోనూ సగంమంది సర్దుకునేవాళ్ళు. మా దగ్గరా అంతే. బినామీ లీజుల గట్లు ముందు తెంచి, లంకలవాడికి కొల్లేట్లో వల వేసుకునే హక్కు రాసిచ్చి, అప్పుడు నా దగ్గరికొచ్చి ఉంటే...

మేనకోడలు: ఒప్పుకునేవాడివా?

మావయ్య: గొణుక్కునేవాణ్ణి. తెంచుకోనిచ్చేవాణ్ణి.

మేనకోడలు: అడగకుండా తెంచినందుకేగా, రెండేళ్ళకే అసెంబ్లీ మూడో కాంటూరుకి తగ్గించమని తీర్మానం చేసింది. తగ్గించొద్దని నిపుణుల సంఘం తర్వాత చెప్పింది. ఈలోగా గట్లు రాత్రిళ్ళు మళ్ళీ లేచాయి. ఆ రాత్రి పొక్లెయిన్లని చూసి కూడా ఊళ్ళు పోలీసులకి చెప్పలేదు. మద్దతు లేని చట్టం పగలే పనిచేస్తుందని నేను క్లాసులో చెబుతాను.

మావయ్య: నీ క్లాసుకి చెప్పు, మళ్ళీ లేచిన గట్లలో మాది లేదు. బడిపంతులుకి అంత ధైర్యం ఎక్కడిది. ఇంకో సంగతి కూడా చెప్పు. ఇందాకటి గూడబాతులు తినే చేపల్లో చాలామటుకు చెరువులవే. గట్టు మీద డబ్బాలు వాయించి తోలుతుంటారు చూడలేదా? పక్షిని చూడ్డానికొచ్చినవాళ్ళు చప్పట్లు కొడతారు, మేపేవాడు డబ్బా కొడతాడు.

అమ్మాయి నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఇంతసేపట్లో వాళ్ళిద్దరూ ఒకే వైపు కూచున్నట్టనిపించిన క్షణం అదొక్కటే, అదీ ఎక్కువసేపు లేదు.

మేనకోడలు: సరే, ఒక ఆట. రేపు ప్రభుత్వం వచ్చి అంటుంది. జిరాయితీకి డబ్బు ముందే ఖాతాలో వేశాం, నీకు తెలిసేలా ఇంటికొచ్చి చెప్పాం, పెద్దవాళ్ళ గట్లు ముందు తీశాం, ఉప్పుటేరు తవ్వి వరద సముద్రానికి పోయేట్టు చేశాం. ఒక ఏడాది చూడండి, తర్వాత ఐదో కాంటూరా మూడో కాంటూరా ఓటేయండి. ఎటు వేస్తావు?

మావయ్య: ముందు ఓటర్ల జాబితా చూపించమంటాను. అందులో ఎవరెవరి పేర్లుంటాయి?

మేనకోడలు: లంక ఊళ్ళు. పైనున్న మీ వియ్యంకుడి ఊరు. ఆ పైన విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచిన ఇళ్ళన్నీ. ఆ నీళ్ళు చివరికి రావలసింది కొల్లేటికే.

మావయ్య: సింగ్‌నగర్‌లో ఓట్లెక్కువ.

మేనకోడలు: ఎక్కువే.

మావయ్య: లంకల్లో తక్కువ.

మేనకోడలు: తక్కువే.

మా మిత్రుడు చేతి వేళ్ళ మీద ఏదో లెక్క వేశాడు. ఊళ్ళ పేర్లో, మనుషుల పేర్లో. తర్వాత చెంబు దగ్గరికి లాక్కుని, మజ్జిగ ఉందా అని లోపలికి కేకేశాడు.